కాలువ మీద గ్రంథాలయం

1935 అక్టోబరులో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య నడిచే పడవలోకి పుస్తకాలు ఎక్కాయి. ఎక్కించినవాడు పాతూరి నాగభూషణం. పెదపాలెం మనిషి, అప్పటికి ముప్ఫై ఏళ్ళైనా నిండలేదు. 1942 దాకా ఆ పడవ గ్రంథాలయం నడిచింది. దేశంలో గ్రంథాలయాల చరిత్ర రాసిన వాళ్ళు దీన్ని ప్రత్యేకంగా చెప్పుకుంటారు. కూతవేటు దూరంలో ఉన్న మా కొలకలూరులో మాత్రం దీని గురించి తెలిసినవాళ్ళు పదిమంది ఉంటే గొప్ప.

పడవే ఎందుకంటే, ఆ రోజుల్లో మా ప్రాంతానికి కాలువే రోడ్డు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక పడమటి డెల్టా పొలాలకు నీళ్ళొచ్చాయి, ఆ నీళ్ళ మీదే పడవలూ వచ్చాయి. సీతానగరం దగ్గర బయల్దేరిన పెద్దకాలువ దుగ్గిరాల లాకుల దగ్గర పాయలవుతుంది. ధాన్యం, పసుపు, పెళ్ళివారు, కోర్టు పక్షులు అందరూ పడవలోనే. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారు. నడిచేవాడికీ పడవకీ వేగంలో పెద్ద తేడా లేదు. ఆ తీరుబడి సమయమే నాగభూషణం గారి కంట పడింది.

మా నాన్న ఆ పడవ ఎక్కినవాడు. కొలకలూరు వాళ్ళకి రైలు ఉండేది, కానీ ఆయన అమ్మమ్మగారిది పెదవడ్లపూడి, మేనత్తను కొల్లిపర ఇచ్చారు. సెలవుల్లో ఆ ఇంటినుంచి ఈ ఇంటికి పడవ ప్రయాణం. చుట్ట కాలుస్తూ కూచున్న పెద్దలు, “ఒరే అబ్బాయ్, ఆ పేపరేదో కాస్త గట్టిగా చదవరా, మేమూ వింటాం” అనేవారట. చదువు రానివాడికి గ్రంథాలయంతో ఏం పని అని అడిగేవారికి నాన్న ఈ మాటే జవాబుగా చెప్పేవాడు. ఒకడికి చదువొస్తే పడవంతా విన్నది.

ఈ ఆలోచన ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఊరూరి గ్రంథాలయాల నిర్వాహకులు సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షులు, పూనిక అయ్యంకి వెంకటరమణయ్యది. ఆ రోజు పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం విడివిడిగా ఉన్న పల్లెలను ఒక తాటి మీదికి తెచ్చింది. తర్వాతి కాలంలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ సంఘాన్ని నడిపించి, వయోజన విద్యను దానికి జతచేశారు. మాకు దక్షిణాన వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం వెలిసింది. 1929లో గాంధీ అక్కడ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు నేటికీ ఆ ఊరు వెతుక్కుంటూ వస్తారు.

ఈ గ్రంథాలయాలకు డబ్బు ఎవరిచ్చారు? సర్కారు కాదు. ఒకరు గది ఇస్తే ఒకరు బీరువా చేయించారు, పెళ్ళిలో కట్నాలు చదివించేటప్పుడు గ్రంథాలయానికీ ఒక రూపాయి చదివించారు. లెక్కలు రాసినవాళ్ళు జీతం లేకుండా రాశారు. ఇచ్చినవాడూ చదివినవాడూ ఒకే వీధివాడు. కనుక ఎవరూ ఎవరి ముందూ చేతులు కట్టుకోలేదు.

అయితే “ఊరంతా” అని మనం సులువుగా అనేస్తాం. ఆ ఊరంతాలో మాలపల్లి, మాదిగపల్లి ఎంతవరకూ ఉన్నాయన్నది అడగవలసిన ప్రశ్న. అక్కడి పిల్లలకు పలక పట్టించడంలో ముందున్నది మిషన్ బడులు. 1842 జులై 31న గుంటూరు చేరిన మిషనరీ హేయర్ దొర వెనక అమెరికా లూథరన్ చర్చీల చందాలున్నాయి. ఆ మిషనే 1885లో గుంటూరులో కళాశాల స్థాపించింది, ఇప్పటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల అదే. దూరదేశపు డబ్బు ఊరి పెద్దలు తెరవని తలుపు తెరిచింది. ఊరి చందా ఊరికి పుస్తకం మీద హక్కునిచ్చింది. మా డెల్టా చదువుకు ఈ రెండూ పునాదులే. ఒకదాన్ని పొగడటానికి రెండోదాన్ని తుడిచేయడం చరిత్ర కాదు.

ఆఫ్రికాలో ఇప్పుడు ఇదే కథ మరో రూపంలో నడుస్తోంది. కెన్యాలో గరిస్సా వైపు ఎడారి పల్లెలకు 1996 నుంచి ఒంటెల మీద పుస్తకాలు వెళ్తున్నాయి. అక్కడి జాతీయ గ్రంథాలయ సంస్థ నడుపుతుంటే బయటి దాతలు పుస్తకాలు పంపారు. మనకు నీళ్ళు, వాళ్ళకు ఇసుక, అంతే తేడా. ఎక్కడైనా దాత పుస్తకం ఇవ్వగలడు, పెట్టె రోజూ తెరిచే మనిషిని ఇవ్వలేడు. ఆ మనిషి ఊళ్ళోంచే రావాలి.

మన దగ్గర ఆ బాధ్యతను చివరికి చట్టం తీసుకుంది. 1948లో మద్రాసు చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను చేరింది, రూపాయికి ఎనిమిది పైసలు. ఒకప్పుడు ఇష్టపడి ఇచ్చిన చందా ఇప్పుడు తప్పనిసరి పన్ను. ఉద్యమానికి ఇంతకంటే పెద్ద గెలుపు లేదు. కానీ ఇచ్చేది మనమేనన్న సంగతి రసీదు మడిచి జేబులో పెట్టుకోగానే మరిచిపోయాం. వసూలైన పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరక బకాయి పడినా అడిగేవాడు లేడు, ఊళ్ళోని శాఖా గ్రంథాలయం తలుపు రోజుల తరబడి తెరవకపోయినా అడిగేవాడు లేడు.

ఈసారి పంచాయతీలో పన్ను కట్టినప్పుడు రసీదులో గ్రంథాలయ పన్ను గడి చూడండి. అందులో అంకె ఉంటే మీరు చందాదారు. ఆ హోదాలోనే వెళ్ళి గ్రంథాలయం ఎన్ని గంటలకు తెరుస్తారో, కిందటేడు కొత్త పుస్తకాలు ఏం కొన్నారో అడగండి. వెళ్ళేటప్పుడు ఒక పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్ళండి.