కుంకుమకు సున్నా, అవసరానికి పన్నెండు

ధరల పట్టికలను మన సాహిత్య విమర్శకులు చదవరు. చదవాలని నా మనవి. సమాజం స్త్రీని గూర్చి ఏమనుకొంటున్నదో ప్రబంధాలలో కంటె అక్కడ సూటిగా కనిపిస్తుంది.

2017 జులై 1న మన దేశంలో వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చింది. ఆనాటి పట్టికలో కుంకుమ, బొట్టుబిళ్ళలు, సిందూరం, పారాణి, మట్టిగాజులు - వీటిపై పన్ను లేదు. శానిటరీ నాప్‌కిన్లపై నూటికి 12.

తరగతిలో ‘ముత్తైదువ’ అన్న మాటకు అర్థం చెప్పేటప్పుడు నేను ఏ వస్తువులను పేర్కొంటానో, దాదాపు వాటికే మినహాయింపు దొరికింది. పెళ్ళయినా కాకున్నా, భర్త ఉన్నా పోయినా, స్త్రీ దేహానికి నెలనెలా కలిగే అవసరానికి మాత్రం దొరకలేదు.

పాత పన్నులన్నీ కలిపితే 13.68 శాతం ఉండేదనీ, తామే తగ్గించామనీ ప్రభుత్వం వాదించింది. పన్ను పూర్తిగా తీసివేస్తే ముడిసరుకులపై కట్టిన పన్ను తయారీదారులకు తిరిగి రాదనీ అన్నది. లెక్క తప్పు కాదు. కాని ఆ లెక్క గాజులకు అడ్డు రాలేదేం?

స్త్రీలు ఊరుకోలేదు. ఒక విద్యార్థిని ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. బొట్టుకు లేని పన్ను దీనికెందుకని 2017 నవంబరులో న్యాయమూర్తులూ అడిగారు. 2018 జులైలో పన్ను రద్దయింది.

అయితే ఇది ఒక్క ప్రభుత్వపు దోషం కాదు. వర్తకుడు వేసే ధరలోనూ ఈ భేదమే ఉన్నది. 2015లో న్యూయార్కు నగర వినియోగదారుల శాఖ సుమారు 800 సరుకులను పోల్చి చూసింది. స్త్రీలకని అమ్మేవాటి వెల సగటున 7 శాతం ఎక్కువ. షాంపూ, క్షురకత్తి వంటి వాటిలో 13 శాతం. సరుకు ఇంచుమించు ఒకటే. మారింది రంగూ, పేరూ.

మన పొలాలలో కూలి తగ్గించేటప్పుడు ‘ఆడమనిషి’ అంటారు. అంగడిలో వెల పెంచేటప్పుడు ‘ఆడవాళ్ళ సరుకు’ అంటారు. ఒకే మాట స్త్రీకి వచ్చేదాన్ని కోసి, పోయేదాన్ని పెంచుతున్నది.

పన్ను పోయిన తరువాత, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-24 ఏళ్ళ స్త్రీలలో దాదాపు సగం మంది గుడ్డ వాడుతున్నట్లు తేలింది. పన్నెండు సున్నా అయినా, ఆ మిగిలిన వెలకే డబ్బు చాలని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. కనుక పన్ను రద్దుతో చరిత్ర ముగియలేదు. ఇక అడగవలసింది కూలి సంగతి.