మలక్‌పేట డీటీపీ గదుల్లో టెంప్లేట్ ఫైళ్లు

ఒకసారి కుదుర్చుకున్న పేజీ కొలతలను దాచిపెట్టి మళ్లీ మళ్లీ వాడుకోవడం అచ్చుపనిలో కంప్యూటర్ రాకముందే ఉంది. హైదరాబాద్‌లో మలక్‌పేటను ఆనుకుని ఉన్న చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయానిది ప్రధానంగా ఇలాంటి పనే. గెజిట్ అయినా, ఆఫీసు ఫారమైనా గీతలు, శీర్షికలు, గడుల కొలతలు స్థిరం. మారేది లోపలి సంగతి మాత్రమే. చిన్న ప్రెస్సుల్లో శుభలేఖలదీ ఇదే తీరు. ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ నుంచి ‘బంధుమిత్రుల అభినందనలతో’ వరకు ప్రతి పెళ్లికీ అవే వరుసలు. కంపోజిటర్ ఆ సీసపు అక్షరాలను విప్పకుండా దారంతో కట్టి గ్యాలీలో ఉంచేవాడు. కొత్త శుభలేఖ వస్తే వధూవరుల పేర్లు, ముహూర్తం, వేదిక మార్చి ట్రెడిల్ మిషన్ ఎక్కించేవాడు.

ఈ పద్ధతికి ఒక పెద్ద అడ్డంకి ఉండేది. కట్టి ఉంచిన అక్షరాలు ఇంకో పనికి పనికిరావు. గుణింతాలు, వత్తులు కలిపి తెలుగు కేసుకు వందల రకాల అచ్చులు కావాలి. అవన్నీ కొనడమే చిన్న ప్రెస్సు యజమానికి తలకు మించిన భారం. అందుకే తప్పనిసరి మేటర్ మాత్రమే నిలవ ఉండేది, మిగతాది అచ్చు కాగానే విప్పి కేసుల్లో సర్దేసేవారు. పేజీని అలాగే ఉంచుకుంటూ అక్షరాలనూ వాడుకునే వీలు కంప్యూటర్‌తోనే వచ్చింది.

అమెరికాలో పాల్ బ్రైనర్డ్ స్థాపించిన ఆల్డస్ కంపెనీ 1985లో మెకింటాష్ కోసం పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. 1987లో విండోస్ రూపం వచ్చింది. 1994లో ఆల్డస్ అడోబీలో కలిసిపోయింది. తెలుగునాట డీటీపీ (డెస్క్‌టాప్ పబ్లిషింగ్) అంటే పేజ్‌మేకర్ అనే పేరు స్థిరపడింది 1990లలోనే. దానికి జోడీగా అను స్క్రిప్ట్ మేనేజర్, శ్రీలిపి వంటి తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా జిరాక్స్ షాపుల పక్కన డీటీపీ సెంటర్లు వెలిశాయి. పోటీపరీక్షల కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు దిల్‌సుఖ్‌నగర్ నిలయం కావడంతో ఇక్కడి ఆపరేటర్లకు శుభలేఖలు, కరపత్రాలతో పాటు ప్రశ్నపత్రాలు, బిట్‌బ్యాంకులు, స్టడీ మెటీరియల్ పనీ దండిగా దొరికేది.

టెంప్లేట్ విలువ తెలిసేది ఇలాంటి పనిలోనే. పేజ్‌మేకర్‌లో ఫైలును సేవ్ చేసేటప్పుడు పబ్లికేషన్‌గానా, టెంప్లేట్‌గానా అని ఎంచుకోవచ్చు. 6.5 వెర్షన్‌లో మామూలు ఫైలుకు పి65, టెంప్లేట్‌కు టి65 అనే తోక పడేది. టెంప్లేట్‌ను తెరిస్తే అసలు ఫైలు కదలదు, దాని నకలు పేరు లేని కొత్త ఫైలుగా వస్తుంది. నిన్నటి పేపరు మీదే ఇవాళ్టి పేపరు టైపు చేసి, అలవాటుగా సేవ్ నొక్కి పాతదాన్ని పోగొట్టుకునే ప్రమాదం ఇక్కడ లేదు.

బిట్‌బ్యాంకు టెంప్లేట్‌లో ఏముంటుందో చూస్తే ఈ పనిలోని నేర్పు అర్థమవుతుంది. 1/8 డెమీ పేజీ, రెండు కాలమ్‌లు, మధ్యలో సన్నని గీత. మాస్టర్ పేజీ మీద పుస్తకం పేరు, పేజీ నంబరు గుర్తు. ప్రశ్నకొక స్టైలు. అందులో నంబరు బయటికి ఉండి, రెండో వరుస లోపలికి జరుగుతుంది. జవాబులకు ఇంకో స్టైలు. నాలుగు ఆప్షన్లూ రెండేసి చొప్పున రెండు వరుసల్లో కూర్చునేలా కాలమ్ మధ్యలో ఒక ట్యాబ్. అన్నిటికంటే ముఖ్యమైనది లీడింగ్, అంటే వరుసల మధ్య ఎడం. పేజ్‌మేకర్ తనంతట తాను అక్షర పరిమాణానికి 120 శాతం ఎడం ఇస్తుంది, అదీ ఆ వరుసలో అన్నిటికన్నా పెద్ద అక్షరాన్ని బట్టి. తెలుగు ఒక సైజులో, ఇంగ్లిష్ మరో సైజులో ఉన్న పేజీలో దీనివల్ల ఒక వరుస ఎడంగా, ఒకటి ఇరుకుగా పడుతుంది. పై వరుస వత్తు కింది వరుస గుడికి తగలకూడదు, వరుసలు సమానంగానూ నిలవాలి. అందుకే అనుభవం ఉన్న ఆపరేటర్ ఆటో వదిలేసి, లీడింగ్‌ను ఒకే అంకెకు బిగించి స్టైలులో దాచేవాడు. మాన్యువల్‌లో దొరకని ఈ అంకెలు ట్రేసింగ్ పేపరు మీద అనేక ప్రింట్లు తీసి, చూసి, దిద్దుకుంటే తేలినవి. సెంటర్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఆ ఫైలు తెరవగానే మొదటి రోజు నుంచే చక్కని పేజీ కట్టగలిగేవాడు.

టెంప్లేట్‌కు ఒక బలహీనత ఉంది. అందులో ఉండేది ఫాంటు పేరే, ఫాంటు కాదు. పైగా అను వంటి ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను అమర్చుకున్నాయి. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులే కనిపిస్తాయి. వేరే చోట ప్లేటు చేయించే పనికి ఫైలు ఇవ్వకుండా లేజర్ ప్రింటర్ మీద ట్రేసింగ్ తీసి ఇవ్వడం దీనివల్ల కూడా అలవాటైంది. తర్వాత ఆ స్థానంలోకి పీడీఎఫ్ వచ్చింది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చింది. అయినా పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు కూర్చడం చేతకాదు. 2001 నాటి 7.0 దాని చివరి పెద్ద వెర్షన్. 2004లో అడోబీ దాని అభివృద్ధిని ఆపేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. తెలుగు డీటీపీ మాత్రం అంత తొందరగా కదలలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఖరీదు ఒక కారణం, కూడబెట్టిన టెంప్లేట్లు అందులో పనిచేస్తాయో లేదోనన్న బెంగ ఇంకొకటి. ఆ బెంగ సమంజసమే. ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే పేజ్‌మేకర్ 6.0, ఆపై వెర్షన్ల ఫైళ్లను తెరవగలదు. ఆ తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లలో ఆ వీలు తీసేశారు.

కాబట్టి పాత హార్డ్‌డిస్కుల్లో టి65, పీఎంటీ (7.0 వెర్షన్ టెంప్లేట్) తోకలున్న ఫైళ్లు ఉన్నవారు ఆ సిస్టమ్ పనిచేస్తుండగానే వాటిని సీఎస్6లో తెరిచి ఇన్‌డిజైన్ టెంప్లేట్లుగా సేవ్ చేసుకోవాలి. పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. కొలతలు, ట్యాబ్‌లు, లీడింగ్ అంకెలను ఒక కాగితం మీద రాసి ఫైలుతో పాటు ఉంచాలి.