కుర్చీ కంటే ముందు మినిట్సు పుస్తకం



నేను ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఆ తరవాత మగ్గం గుంటలో కూర్చున్నా, చాలా ఏళ్ళుగా తమిళనాట ఒక చేనేత సహకార సంఘానికి సెక్రటరీగా ఉన్నా. సావనీరుకి ఏదైనా పాత చరిత్ర రాయమన్నారు. మగ్గం గురించి, నూలు ధర గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మన చదువుకున్న ఆడపిల్లల గురించి రాస్తాను. పదిమంది పని చూసే కుర్చీలో ఆడది కూర్చోవాలంటే దానికి ముందు ఏం నేర్చుకోవాలి, వెనకటి వాళ్ళు ఎట్లా నేర్చుకున్నారు అనేది నా మాట.

ముందు ఇప్పటి సంగతి చెప్తా. ఎలక్షన్ వస్తాది. వార్డు ఆడవాళ్ళకి రిజర్వు అయిందని తెలుస్తుంది. మగవాళ్ళంతా గుడి మండపంలో కూర్చుని ఎవరి భార్యని నిలబెడదామా అని మాట్లాడుకుంటారు. పోస్టరులో ఆమె ఫొటో పక్కన భర్త ఫొటో ఇంకా పెద్దగా ఉంటుంది. గెలిచాక సంతకం ఆమెది, మాట ఆయనది. మరాఠీ, ఒడియా దేశాల్లో ఉన్న మనవాళ్ళు కూడా ఇదే చెప్తారు, అక్కడ ఇలాంటి భర్తకి 'సర్పంచ్ పతి' అని పేరే ఉంది. అదే వీధిలో బి.కాం. చదివిన పిల్ల ఉంటుంది. ఆ పిల్లని ఎవరూ అడగరు. ఆ పిల్లకీ తనని అడగొచ్చని తోచదు.

ఇది మొదటినించీ ఇట్లాగే లేదు. నూరేళ్ళ కింద కాంచీపురం, సేలం, కాకినాడ అన్నీ ఒకే మద్రాసు రాజధాని కింద ఉండేవి. బరంపురం 1936లో ఒరిస్సాలో కలిసింది, బళ్ళారి 1953లో మైసూరులో కలిసింది. అంటే మన తాతల కాలంలో మనలో చాలామందిది ఒకే ప్రభుత్వం. ఆ మద్రాసు శాసనమండలి 1921లో ఆడవాళ్ళకి ఓటు ఇచ్చింది. అయితే ఆస్తి, పన్ను ఉన్నవాళ్ళకే ఆ ఓటు. కండెలు చుట్టుకునే ఇంట్లో ఆడమనిషికి అది అందేది కాదు. 1926లో పోటీ చేసే హక్కు కూడా వచ్చింది. ఆ ఏడే మంగళూరు ఆడపడుచు కమలాదేవి చట్టోపాధ్యాయ నిలబడి, కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఈ పేరు మనకి కొత్తది కాదు. 1952లో పెట్టిన అఖిల భారత హస్తకళల బోర్డుకి అధ్యక్షురాలు ఆమే. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి శాసనమండలి సభ్యురాలై, ఉపాధ్యక్షురాలు కూడా అయ్యారు. పుదుక్కోట మహారాజా కాలేజీలో మగపిల్లల మధ్య చదివిన మొదటి ఆడపిల్ల ఆమె.

ఇప్పుడు మన భాషలో పుట్టిన మనిషి దగ్గరికి వస్తాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ మన కులం కాదు, కానీ మన తెలుగు ఆడపడుచు. 1909లో రాజమండ్రిలో పుట్టారు, కాకినాడలో పెరిగారు. చిన్నప్పుడే పెళ్ళి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్ళి ఒప్పుకోలేదు. హిందీ నేర్చుకుని, తను ఇంకా చిన్నపిల్లగా ఉండగానే ఆడవాళ్ళకి హిందీ బడి పెట్టారు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. పక్కనే ఖద్దరు ప్రదర్శన. టికెట్టు లేనివాళ్ళని పంపొద్దని గేటు దగ్గర ఈ పిల్లని నిలబెట్టారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టికెట్టు లేదు. పిల్ల ఆపింది. పెద్దలు కోప్పడితే, మీరు చెప్పిన పనే చేస్తున్నా అంది. టికెట్టు కొన్నాకే లోపలికి పంపింది. నెహ్రూ మెచ్చుకున్నారు. ఈ కథ చాలామందికి తెలుసు, ధైర్యం కోసం చెప్పుకుంటారు. నాకు ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. ఒక పిల్లకి ఒక పని పూర్తిగా అప్పజెప్పారు. పక్కన నిలబడి జవాబు చెప్పే నాన్న లేడు, అన్న లేడు. నియమం తెలుసు, దాన్ని నిలబెట్టింది.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళి వచ్చాక ఆమె ఆగిన చదువు మళ్ళీ పట్టుకున్నారు. బెనారస్ మెట్రిక్ పాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడవాళ్ళకి హాస్టలు లేదన్నారు. ఆమె పేపర్లో ప్రకటన వేసి, హాస్టలు లేక చదువు ఆగిన ఆడపిల్లల్ని పిలిచి, వాళ్ళతో కలిసి హాస్టలు నడిపించుకున్నారు. అంటే రాజనీతి శాస్త్రం పుస్తకంలో చదవకముందే బియ్యం, అద్దె, చందా లెక్క చూశారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు ఆగిపోయిన ఆడవాళ్ళకి అక్కడ మెట్రిక్ పాఠాలు చెప్పారు. ఆ తరవాత అది ఆసుపత్రి, నర్సు శిక్షణ, బడులుగా పెరిగింది. 1942లో ఆమె మద్రాసులో లాయరు అయ్యారు.

1946లో మద్రాసు నించి రాజ్యాంగ సభకి వెళ్ళారు. ఆ సభలో ఉన్న ఆడవాళ్ళు 15 మంది. రాజ్యసభకి నిలబడాలంటే 35 ఏళ్ళు ఉండాలని ముసాయిదాలో ఉంటే, దాన్ని 30 చెయ్యమని సవరణ తెచ్చారు. ఇవాళ్టికీ అది 30. 1952 ఎలక్షన్లో ఆమె ఓడిపోయారు. అయినా ఇంట్లో కూర్చోలేదు. ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు, 1958లో ఆడవాళ్ళ చదువు మీద వేసిన జాతీయ కమిటీకి పెద్దగా ఉన్నారు. పని నేర్చినవాళ్ళకి ఒక ఓటమితో పని పోదు.

ఆ తరవాత చట్టం చాలా దూరం వచ్చింది. కర్ణాటక 1983 చట్టంతోనే పంచాయితీల్లో ఆడవాళ్ళకి నాలుగో వంతు సీట్లు పెట్టింది. 1993లో 73, 74 రాజ్యాంగ సవరణలు అమలుకి వచ్చి, దేశమంతా పంచాయితీల్లో, మునిసిపాలిటీల్లో మూడో వంతు అయింది. తరవాత కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశా, తమిళనాడు పంచాయితీల్లో సగం చేశాయి. లోక్‌సభకి, అసెంబ్లీలకి మూడో వంతు అని 2023లో చట్టం చేశారు. పంచాయితీకి నిలబడ్డానికి 21 ఏళ్ళు చాలు. మన పిల్లలు డిగ్రీ ముగించే వయసు అదే కదా!

కుర్చీలు వచ్చాయి. కూర్చునేవాళ్ళని తయారుచేసే చోటు ఏది? వార్డు మెంబరుకి కావలసింది ఏమిటి? నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, కోరం ఎంత, తీర్మానం ఎట్లా రాయాలి, ఆడిటరు అడ్డం పెడితే ఏం జవాబు చెప్పాలి. ఇవన్నీ మన సంఘాల్లో నెలనెలా జరిగేవే. కానీ ఆడవాళ్ళు కండెలు చుడతారు, పడుగు పని చూస్తారు, పోగు తెగితే అతుకుతారు. లెక్కల పుస్తకం మాత్రం మగవాడి చేతిలోనే ఉంటుంది. మెంబరు పేరు కూడా ఎక్కువగా మగవాడిదే.

మనకి ఇంకో బలం ఉంది. మన అమ్మలకి ఆఫీసులో తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియానో రాయడం రాలేదు. అర్జీకి ఇంకొకరి కాళ్ళు పట్టుకోవాల్సి వచ్చేది. ఇవాళ పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, ఆఫీసు భాషలో అర్జీ రాస్తుంది, ఇంగ్లీషు జీ.వో. చదువుతుంది. వీధి కష్టం చెప్పడానికి ఇంతకంటే తగినవాళ్ళు ఎవరు?

అందుకని సమాఖ్యకి నాలుగు మాటలు మనవి చేస్తున్నా. ఒకటి, మన హాస్టళ్ళలో ఆడపిల్లల మెస్సు లెక్క వాళ్ళే రాయాలి, కమిటీని వాళ్ళే ఓటేసి ఎన్నుకోవాలి. రెండు, ప్రతి సంఘంలో ఏటా ఒక కాలేజీ పిల్లకి మినిట్సు రాసే పని ఇవ్వాలి, ఆమె రాసింది ఆమే సభలో చదవాలి. మూడు, గ్రామసభకి తీసుకెళ్ళాలి. తమిళనాట జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2న గ్రామసభ జరుగుతుంది, సెలవు రోజులే. వీధిలో కుళాయి గురించో, మురుగు కాలవ గురించో ఒక్క ప్రశ్న లేచి అడిగితే చాలు, రెండోసారి గొంతు వణకదు. నాలుగు, ఆమెని అడిగిన ప్రశ్నకి తండ్రి గాని, మొగుడు గాని జవాబు చెప్పకూడదు. తప్పు చెప్తే తరవాత దిద్దుకుంటుంది.

ఖర్చు పెద్దగా లేదు. రేపు వార్డు రిజర్వు అయిన రోజు గుడి మండపంలో ఎవరి భార్య అని కాకుండా, ఆ పిల్ల మూడేళ్ళు మన లెక్క చూసింది, ఆమెని అడుగుదాం అని ఎవరైనా అనాలి. ఆ మాట అనడానికి మన సంఘాల్లో అలాంటి పిల్లలు ఉండాలి. వచ్చే వార్షికోత్సవంలో మన జమాఖర్చు ఒక కాలేజీ ఆడపిల్ల లేచి చదివేటట్టు ఇప్పుడే తీర్మానం చెయ్యమని పెద్దల్ని కోరుతున్నాను.