మన్యం కాఫీ: చలి, నీడ ఇచ్చిన రుచి

విశాఖ మన్యానికి కాఫీ బయటి నుంచి వచ్చిన పంట. 1960లలో అటవీ శాఖ ఇక్కడ తోటలు వేసింది. తర్వాతి దశాబ్దాల్లో పోడుకు ప్రత్యామ్నాయంగా ఐటీడీఏ దీన్ని గిరిజన రైతుల భూముల్లోకి తెచ్చింది.

అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో కాఫీ కొండలు సముద్ర మట్టానికి సుమారు 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున ఉంటాయి. రాత్రి చలికి అరబికా పండు నెమ్మదిగా పండుతుంది. గింజ గట్టిపడుతుంది, తీపి, సన్నని పులుపు కుదురుతాయి. పైన సిల్వర్ ఓక్, పనస చెట్ల నీడ. రాలిన ఆకే ఎరువు. నీడ పోతే చెట్టు ఒక ఏడు విరగకాసి ఆపై నీరసిస్తుంది. కాండం తొలిచే పురుగు బెడద కూడా పెరుగుతుంది.

చలి, నీడ ఉన్నంత మాత్రాన రుచి రాదు. ఒకే కొమ్మ మీది పండ్లు ఒకేసారి పండవు. ఎర్రబడినవే ఏరడానికి మన ఆడవాళ్లు, మగవాళ్లు అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. పచ్చికాయ కలిస్తే కాఫీకి వగరు తగులుతుంది.

2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు ఈ కొండలది, ఈ చేతులది. కలప ధర చూసి నీడచెట్లు నరికితే కాయ మిగలవచ్చు గానీ, ఆ పేరు తెచ్చిన రుచి మిగలదు.