చీము పరీక్షలో 'ఎంఆర్‌ఎస్‌ఏ' అని వచ్చిందా? ల్యాబ్‌లో ఎలా తేలుస్తారంటే..

ఆపరేషన్ కుట్ల దగ్గర చీము పట్టింది. వారం రోజులు మాత్రలు వేసుకున్నా తగ్గలేదు. అప్పుడు డాక్టర్ 'కల్చర్ అండ్ సెన్సిటివిటీ' పరీక్ష రాస్తారు. రెండు, మూడు రోజులకు వచ్చే ఆ రిపోర్టులో 'ఎంఆర్‌ఎస్‌ఏ' అని ఉంటే అర్థమేంటి?

ఏమిటీ ఎంఆర్‌ఎస్‌ఏ?

స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ హానీ చేయకుండా ఉంటుంది. గాయం గుండా లోపలికి వెళ్తే మాత్రం ఇన్ఫెక్షన్ రావచ్చు. దీనిపై వాడేందుకు 1959లో మెథిసిలిన్ వచ్చింది. దానికీ లొంగని రకాన్ని 1961లోనే బ్రిటన్‌లో గుర్తించారు. అదే ఎంఆర్‌ఎస్‌ఏ. మెథిసిలిన్ వాడకం ఆగిపోయినా ఆ పేరు మిగిలింది.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

మొదటి రోజు మీ శాంపిల్‌ను ప్లేటుపై రాసి ఇంక్యుబేటర్‌లో పెడతారు. మర్నాటికి పెరిగిన బ్యాక్టీరియా ఏదో కోయాగ్యులేజ్ వంటి పరీక్షలతో నిర్ధారిస్తారు. తర్వాత దాన్ని మరో ప్లేటు నిండా పరిచి, 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ ఉన్న చిన్న కాగితపు బిళ్లను పెడతారు. మూడో రోజు బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని కొలుస్తారు. అమెరికాకు చెందిన సీఎల్‌ఎస్‌ఐ ప్రమాణాల ప్రకారం దాని వ్యాసం 22 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే మామూలు స్టాఫ్. 21, అంతకంటే తక్కువైతే ఎంఆర్‌ఎస్‌ఏ.

ఈ మొండితనానికి ప్రధాన కారణం 'మెక్-ఏ' అనే జన్యువు. పీసీఆర్ సదుపాయం ఉన్నచోట ఆ జన్యువునే నేరుగా, కొన్ని గంటల్లో పట్టుకుంటారు.

రిపోర్టు ఎలా చదవాలి?

మందు పేరు పక్కన 'ఎస్' ఉంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుందని, 'ఆర్' ఉంటే లొంగదని అర్థం. ఎంఆర్‌ఎస్‌ఏ అయితే అమోక్సిసిలిన్, సెఫలెక్సిన్, సెఫిక్సిమ్ వంటివి పనిచేయవు. వాంకోమైసిన్, లినెజోలిడ్ వంటివి అవసరం కావచ్చు. వాంకోమైసిన్ ఫలితాన్ని కాగితపు బిళ్లతో తేల్చకూడదు. దాని పక్కన 'ఎంఐసీ' అంకె ఉందో లేదో చూడండి. లేకపోతే ల్యాబ్‌ను అడగండి.

మీరేం చేయాలి?

• వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వండి. ఇప్పటికే వాడుతుంటే ఆ మందు పేరు తప్పక చెప్పండి. లేదంటే బ్యాక్టీరియా ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు.

• ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో అయితే మైక్రోబయాలజీ విభాగంలో అడగండి. ప్రైవేటు ల్యాబ్ అయితే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఈ పరీక్షకూ వర్తిస్తుందో లేదో కనుక్కోండి.

• తీవ్ర జ్వరం, వణుకు, వేగంగా పాకుతున్న ఎరుపు కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డాక్టర్లు ముందు చికిత్స మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక మందు మారుస్తారు.

• 'ఎస్' అని ఉంది కదా అని మీరే మందు కొనుక్కోవద్దు. ఇన్ఫెక్షన్ ఎక్కడుంది, మీ కిడ్నీలు ఎలా ఉన్నాయన్నది చూసి డాక్టరే మందు ఎంచుకోవాలి.