చదువు, ఉద్యోగం, పిల్లలు: బ్రిటన్‌లో ఇంటి అద్దెకు యూనివర్సల్ క్రెడిట్ ఎలా?

పొద్దున పిల్లలను బడిలో దింపి, మధ్యాహ్నం క్లాసుకు వెళ్లి, సాయంత్రం సూపర్‌మార్కెట్‌లోనో కేర్ హోమ్‌లోనో షిఫ్ట్ చేసే తల్లిదండ్రులు బ్రిటన్‌లోని మన కుటుంబాల్లో చాలామందే ఉన్నారు. ఒక నెల షిఫ్టులు బాగా దొరుకుతాయి. పరీక్షల నెలలో అందులో సగం కూడా చేయలేరు. అద్దె మాత్రం ప్రతి నెలా అంతే. ఇలాంటి వారికి యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దె సాయం దొరికే అవకాశం ఉంది. అయితే విద్యార్థులకు నిబంధనలు కొంచెం వేరు. ఇంగ్లండ్‌లో ఉండేవారిని దృష్టిలో పెట్టుకుని వాటి వివరాలు ఇక్కడ ఇస్తున్నాం. రేట్లు 2025-26 సంవత్సరానివి. ఇవి ఏటా ఏప్రిల్‌లో మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

ముందు మీ వీసా చూసుకోండి

స్టూడెంట్ వీసా, గ్రాడ్యుయేట్ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసాలపై ఉన్నవారికి, వారి డిపెండెంట్లకు సాధారణంగా 'పబ్లిక్ ఫండ్స్' తీసుకునే హక్కు ఉండదు. యూనివర్సల్ క్రెడిట్ ఆ జాబితాలోనే ఉంది. తెలియక తీసుకున్నా వీసా షరతు ఉల్లంఘించినట్టే అవుతుంది, తర్వాత పొడిగింపుకు ఇబ్బంది వస్తుంది. స్నేహితులు తీసుకుంటున్నారు కదా అని దరఖాస్తు చేయకండి. ఈ వ్యాసం ప్రధానంగా బ్రిటిష్ పౌరసత్వం లేదా ఐఎల్ఆర్ ఉన్నవారి కోసం.

భార్యాభర్తల్లో ఒకరికి ఐఎల్ఆర్ ఉండి, మరొకరు వీసాపై ఉంటే? హక్కు ఉన్నవారు క్లెయిమ్ చేయవచ్చు. కానీ ఒంటరి వ్యక్తికి ఇచ్చే రేటే ఇస్తారు, ఇద్దరి ఆదాయం, పొదుపు మాత్రం లెక్కలోకి వస్తాయి. ఈ పరిస్థితిలో ఉన్నవారు ముందు ఇమిగ్రేషన్ సలహా తీసుకున్నాకే అడుగు వేయాలి.

విద్యార్థికి ఎప్పుడు అర్హత?

ఫుల్‌టైమ్ విద్యార్థులకు సాధారణంగా యూనివర్సల్ క్రెడిట్ రాదు. దీనికి ఉన్న మినహాయింపుల్లో ముఖ్యమైనది పిల్లల బాధ్యత. మీతో ఉండే బిడ్డ బాధ్యత మీదైతే, ఫుల్‌టైమ్ చదువుతున్నా అడగవచ్చు. దంపతులిద్దరూ విద్యార్థులైనా, పిల్లలుంటే అర్హత ఉంటుంది.

పొదుపు 16,000 పౌండ్లు దాటితే రాదు. 6,000 దాటితే, ఆ పైన ప్రతి 250 పౌండ్లకు నెలకు 4.35 పౌండ్ల చొప్పున కోస్తారు. మనవాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. హైదరాబాద్‌లో మీ పేరున ఉన్న ప్లాటు, విజయవాడలో ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా పొదుపు కిందకే వస్తాయి. 'ఇండియాలో ఉన్నది ఇక్కడెందుకు చెప్పాలి' అనుకుని దాచిపెడితే, తర్వాత బయటపడినప్పుడు తీసుకున్నదంతా తిరిగి కట్టాల్సి రావచ్చు. జరిమానా కూడా పడవచ్చు.

అద్దెలో ఎంత వస్తుంది?

ప్రైవేటు ఇంట్లో ఉంటే, లోకల్ హౌసింగ్ అలవెన్స్ అనే పరిమితి వరకే ఇస్తారు. ఇది మీ ప్రాంతాన్ని, కుటుంబానికి ఎన్ని బెడ్‌రూమ్‌లు అవసరమన్న లెక్కను బట్టి ఉంటుంది. దంపతులకు ఒక గది. పదేళ్లలోపు పిల్లలు ఇద్దరైతే ఆడైనా మగైనా ఒకే గది. పదహారేళ్లలోపు ఇద్దరు ఆడపిల్లలకు, లేదా ఇద్దరు మగపిల్లలకు ఒకే గది. 2024 ఏప్రిల్‌లో నిర్ణయించిన రేట్లే 2025-26లోనూ కొనసాగాయి. కాబట్టి అసలు అద్దెకూ దీనికీ మధ్య తేడా చాలాచోట్ల ఉంటుంది. ఇల్లు తీసుకోకముందే పోస్ట్‌కోడ్‌తో రేటు చూసుకోవడం మంచిది.

అద్దె ఒప్పంద పత్రం తప్పనిసరిగా దగ్గర పెట్టుకోండి. తెలిసినవాళ్ల ఇంట్లో నోటి మాట మీద ఉంటూ నగదు ఇస్తుంటే రుజువు చూపడం కష్టం. అన్నయ్య ఇంట్లోనే ఆయనతో కలిసి ఉంటూ ఆయనకే అద్దె ఇస్తున్నామంటే ఒప్పుకోరు.

స్టూడెంట్ లోన్ లెక్క

ట్యూషన్ ఫీజు లోన్‌ను ఆదాయంగా చూడరు. మెయింటెనెన్స్ లోన్‌ను చూస్తారు, అందులో స్పెషల్ సపోర్ట్ కింద ఇచ్చే భాగాన్ని వదిలేస్తారు. లెక్కించే మొత్తాన్ని చదువు సాగే నెలలకు పంచి, నెలకు 110 పౌండ్లు మినహాయించి, మిగిలినది మొత్తంగా కోస్తారు. అప్పు ఎందుకులే అని మీరు లోన్ తీసుకోకపోయినా, అర్హత ఉంటే తీసుకున్నట్టే లెక్కిస్తారు. మాస్టర్స్ లోన్ అయితే గరిష్ఠ మొత్తంలో 30 శాతమే ఆదాయం.

వేసవి సెలవుల నెలల్లో ఈ కోత ఉండదు, యూనివర్సల్ క్రెడిట్ పెరుగుతుంది. కోర్సు మళ్లీ మొదలవగానే తగ్గుతుంది. సెలవుల్లో పని వెతకమని కూడా అడగవచ్చు.

జీతం మారితే ఏమవుతుంది?

పిల్లలున్నవారికి, అద్దె సాయం తీసుకుంటుంటే, నెలకు 411 పౌండ్ల జీతం వరకు కోత లేదు. ఆ పైన ప్రతి పౌండుకు 55 పెన్నీలు తగ్గిస్తారు.

ఉదాహరణకు పాతికేళ్లు దాటిన ఒంటరి తల్లి, 2020లో పుట్టిన బిడ్డ అనుకుందాం. ప్రాథమిక భత్యం 400.14, బిడ్డకు 292.81, ఆ ప్రాంతపు అద్దె పరిమితి 800 అనుకుంటే మొత్తం 1,492.95 పౌండ్లు. లోన్ కింద నెలకు 690 పోతే 802.95 మిగులుతుంది. ఇక జీతాన్ని బట్టి:

• జీతం 211 అయితే కోత లేదు, 802.95 వస్తుంది.
• జీతం 611 అయితే 110 కోత, 692.95 వస్తుంది.
• జీతం 1,011 అయితే 330 కోత, 472.95 వస్తుంది.

అంటే ఎక్కువ పని చేస్తే చేతికొచ్చేది ఎప్పుడూ ఎక్కువే. కాకపోతే మంచి నెల జీతం ప్రభావం ఆ నెల లెక్క పూర్తయ్యాక వచ్చే చెల్లింపులో కనబడుతుంది. ఓవర్‌టైమ్ చేసిన నెలలో కొంత పక్కన పెట్టకపోతే, తర్వాత అద్దెకు తడుముకోవాలి. లోన్ మూడు విడతల్లో వస్తుంది, కోత మాత్రం నెలనెలా పడుతుంది. విడత రాగానే దాన్ని నెలలకు విభజించుకోవడం అందుకే అవసరం.

లెక్క ఎప్పుడూ 'అసెస్‌మెంట్ పీరియడ్' అనే నెల ప్రకారం జరుగుతుంది. ఇది మీరు క్లెయిమ్ చేసిన తేదీ నుంచి మొదలవుతుంది. నాలుగు వారాలకోసారి జీతం వచ్చేవారికి ఏడాదిలో ఒకసారి ఒకే పీరియడ్‌లో రెండు జీతాలు పడతాయి. అప్పుడు యూనివర్సల్ క్రెడిట్ బాగా తగ్గవచ్చు, సున్నా కూడా కావచ్చు. సున్నా అయితే ఆరు నెలల్లోపు మళ్లీ క్లెయిమ్ చేయండి. కొత్తగా ఐదు వారాలు ఆగక్కర్లేదు. నెల జీతం వారికి బ్యాంకు సెలవు వల్ల జీతం ముందే పడి రెండు ఒకే పీరియడ్‌లో చేరితే, ఒకదాన్ని వేరే పీరియడ్‌కు మార్చమని జర్నల్‌లో రాయవచ్చు.

ఉద్యోగం చేసేవారి జీతం వివరాలు యజమాని పన్ను శాఖకు పంపే లెక్కల నుంచే వస్తాయి. పే స్లిప్‌తో పోల్చి చూడండి. డెలివరీ లాంటి సొంత పని చేసేవారు ఆదాయం, ఖర్చు ప్రతి నెలా తామే తెలపాలి.

దరఖాస్తు, ఆ తర్వాత

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, ఇమిగ్రేషన్ స్టేటస్, అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, పిల్లల వివరాలు, స్టూడెంట్ ఫైనాన్స్ లేఖ సిద్ధం చేసుకోండి. మొదటి చెల్లింపుకు ఐదు వారాలు పడుతుంది. ఈలోగా అడ్వాన్స్ అడగవచ్చు, కానీ అది అప్పే, తర్వాత నెలనెలా కోస్తారు. పాత నెలలకు డబ్బు దొరకడం అరుదు, కాబట్టి ఆలస్యం చేయకండి.

అద్దె పెరిగినా, ఇల్లు మారినా, కోర్సు మానేసినా వెంటనే తెలపాలి. ఇండియా ప్రయాణం కూడా చెప్పాలి. మామూలుగా నెల వరకే అనుమతి. దగ్గరి బంధువు మరణిస్తే మరో నెల వరకు పొడిగించవచ్చు. వేసవిలో ఆరు వారాలకు టికెట్లు తీసుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

నిర్ణయం తప్పనిపిస్తే నెలలోపు పునఃపరిశీలన కోరండి. అద్దెకు తక్కువ పడుతుంటే స్థానిక కౌన్సిల్‌ను అదనపు సాయం అడగండి. కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపుకు అక్కడే విడిగా దరఖాస్తు చేయాలి. సిటిజన్స్ అడ్వైస్, షెల్టర్ సంస్థలు, మీ యూనివర్సిటీ విద్యార్థి సంఘంలోని సలహా కేంద్రం ఉచితంగా సాయపడతాయి. అద్దె బకాయి పడ్డాక వెళ్లడం కంటే, కోర్సులో చేరే ముందే వెళ్లి లెక్క వేయించుకుంటే ఏ నెలలో ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది.