రౌలెటెడ్ మృణ్మయ పాత్రలు: బంకమట్టి విశ్లేషణ

రౌలెటెడ్ మృణ్మయ పాత్రలు అనేవి లోపలి అడుగున చిన్న గాట్ల వలయాలు కలిగి, మెత్తని మట్టితో చక్రంపై తయారై, భారత తూర్పు తీరంలో తొలి చారిత్రక యుగంలో వాడుకలో ఉన్న పళ్లేలు. అంచు లోపలికి వంగి, ఉపరితలం నునుపుగా బూడిద లేదా నలుపు రంగులో ఉండే ఈ పాత్రలు అమరావతి, ధరణికోట, శాలిహుండం మొదలుకొని శ్రీలంకలోని అనురాధపురం, బాలిలోని సెంబిరన్ వరకు లభించాయి.

పుదుచ్చేరి సమీపంలో ఉన్న అరికమేడులో 1945లో తవ్వకాలు జరిపిన మార్టిమర్ వీలర్, గాట్ల అలంకరణ గ్రీకు, రోమన్ కుమ్మరుల పద్ధతిని పోలి ఉన్నందున, వీటి మూలం మధ్యధరా ప్రాంతమని భావించాడు. 1988లో విమలా బెగ్లీ ఆకారాలను, తయారీ విధానాన్ని పరిశీలించి ఇవి భారతీయమైనవని వాదించింది.

బంకమట్టి అది ఏర్పడిన చోటి శిలల ఖనిజాలను, స్వల్పమూలకాలను నిలుపుకొంటుంది కనుక, పెంకు రసాయన కూర్పును బట్టి దాని మూలాన్ని అంచనా వేయవచ్చు. ఖనిజాలను గుర్తించే ఎక్స్‌రే వివర్తనం ఆధారంగా విశ్వాస్ గోగ్టే 1997లో బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్–తామ్లుక్ ప్రాంతాన్ని మూలంగా ప్రతిపాదించాడు. 2005లో వెలువడిన మూలక విశ్లేషణ కూడా వీటి దక్షిణాసియా మూలాన్ని సమర్థించింది.

అరికమేడులోనే దొరికిన ఆంఫోరా జాడీలు, ఇటలీకి చెందిన అరెటైన్ పాత్రలు మాత్రం నిజమైన దిగుమతులు. కాబట్టి అలంకరణలోని పోలిక ఒక్కటే విదేశీ తయారీకి నిదర్శనం కాదు.